బుధవారం నాడు గుట్ట ఖాళీగ ఉండదు

జర పొడుగు పోస్టు ఇది. తీరిక లేనోళ్ళు పొద్దూకినంక చదవండి, కాని సగం చదివి గొడవకు రాకండి.

మా అనంతగిరి గుట్టల్ల మల్లా పరుగు పందెం పెడుతున్నరట. శివరాత్రి దాటినంక, మల్లా బుధవారం నాడే. పోయిన ఆగస్టుల మొదటిసారి పెట్టిండ్రు. "పని రోజు ఎందుకు పెట్టిండ్రు బిడ్డా" అని అప్పుడు నేను అడిగితే, పందెమోళ్ళ తరఫున బాట కాడ నిలబడ్డ పిల్లగాడు మర్యాదగనే జవాబు చెప్పిండు. "శని ఆదివారాలు టూరిస్టులతోని గుట్ట నిండిపోతది అంకుల్, బుధవారమైతే ఖాళీగ ఉంటది" అన్నడు. ఆ పిల్లగాని మీద నాకు కోపం లేదు. పైనోళ్ళు చెప్పి పంపిన మాట వాడు చెప్పిండు. నా కొట్లాటంతా ఆ "ఖాళీ" అనే మాట మీదనే.

తెలియనోళ్ళకు రెండు ముక్కలు. ట్రెయిల్ రన్ అంటే తారు రోడ్డు మీద ఉరుకుడు కాదు. అడవి బాటల్ల గుట్టలెక్కుకుంట, దిగుకుంట, రాళ్ళు వేర్లు ఒర్రెలు దాటుకుంట ఉరుకుతరు. 10 కిలోమీటర్లు, 21 కిలోమీటర్లు, 50 కూడ ఉంటయి. ఎంత దూరం ఉరికినవు అనేదానికంటె ఎంత ఎత్తు ఎక్కినవు అనేదే వాళ్ళకు గొప్ప. హైదరాబాద్‌కు దగ్గర ఇసొంటి గుట్టలు, అడవి మా వికారాబాద్ దిక్కే ఉన్నయి. మూసీ పుట్టింది ఈడనే. గాలి మంచిగుంటదని ఎన్కట టీబీ దవాఖాన ఈ గుట్ట మీదనే పెట్టిండ్రు. ఇప్పుడు ఆదివారం వస్తే ఘాట్ రోడ్డు మీద కార్లు ఎన్నుంటయో చూసినోళ్ళకు తెలుసు. అందుకే పందెమోళ్ళు వారం నడిమి రోజును ఏరుకున్నరు. కంపెనీలు కూడ ఆ ఒక్క రోజు ఉద్యోగులకు సెలవు ఇచ్చి పంపినయట. వాళ్ళ లెక్క వాళ్ళకు మంచిగనే ఉంది.

ఇగ మా బుధవారం సంగతి చెప్త వినండి.

తెల్లారగట్ల నాలుగున్నరకు పాలు పిండుతరు. పాల బండి ఆరుంబావుకు గుట్ట కింద మూల మీదికి వస్తది, పది నిమిషాల కంటె ఎక్కువ ఆగది. పైన తండా నుంచి పాల క్యాన్లు గుట్ట బాటెంటనే దిగుతయి, బైకు మీద కొంత దూరం, మోతల మీద కొంత దూరం. ఏడు కొట్టేసరికి బర్లు మేతకు ఎక్కుతయి. వాటెనుక మేకలు. ఆగస్టుల పచ్చిగడ్డి గుట్ట మీద తప్ప ఇంకెక్కడుంటది? కింద ఇంచు ఇంచు పత్తి, కంది, మక్క వేసి ఉంటయి. ఎనిమిదింటికి తండా ఆడోళ్ళు పాతిక ముప్పై మంది గుట్ట దాటి అవతలి ఊరి పత్తి చేన్లకు కలుపుకు పోతరు. రోడ్డు మీదికెళ్ళి పోతే 7 కిలోమీటర్లు, గుట్ట మీదికెళ్ళి పోతే రెండున్నర. ఆటోకు పోను రాను 60 రూపాయలు పెట్టి కైకిలికి ఎవరు పోతరు? అదే బాటల హైస్కూలు పిల్లలు దిగుతరు. పక్క ఊరి అంగడి కూడ బుధవారమే, మేకలు అమ్మెటోళ్ళు తెల్లారకముందే బయలెల్లుతరు. కారు అద్దంల నుంచి చూస్తే ఇవన్ని కనపడవు. చెట్లే కనపడుతయి. చెట్లు మాత్రమే కనపడితే ఆ జాగ ఖాళీ అని రాసుకుంటరు.

మా బాబాయి ఒకాయన బర్లు కాసుకుంట 40 ఏండ్లు ఆ గుట్ట మీదనే బతికిండు. ఏ చెట్టు కింద ఎన్ని రోజులు నీడ ఉంటదో కూడ చెప్తడు. ఆయన్ని ఆ రోజు ఈల ఊది ఆపిండ్రు. "ట్రాక్ మీదికి రావద్దు అంకుల్" అన్నరట. ట్రాక్ అంట! ఆ బాట తొక్కి తొక్కి చేసిందే ఆయన తాతలు, వాళ్ళ బర్లు.

ఐదున్నర నుంచి పదకొండు దాకా మూడు చోట్ల పట్టీలు కట్టి బాట బందు పెట్టిండ్రు. ఊర్ల డప్పు కొట్టలే, పంచాయతీ బోర్డు మీద కాగితం అంటించలే. ఆ రోజు తండా క్యాన్లు రెండు బండికి అందలేదు. 80 లీటర్ల పాలు, లీటరుకు 45 లెక్కన 3,600 రూపాయలు. పందెంల ఉరికెటందుకు ఒక్కొక్కరు కట్టిన ఫీజు 2,200. ఇద్దరి ఫీజు పెట్టినా తండా నష్టం తీరి పైకి మిగులుతుండె. కైకిలికి పోయే ఆడోళ్ళు పదకొండు దాటినంక చేరితే ఆసామి వాపసు పంపిండు, ఆయన తప్పేం లేదు, సగం పొద్దు అయిపాయె. బర్లు ఒక్కసారి బెదిరి మక్క చేన్ల పడ్డయి. ఎందుకు బెదిరినయి? పైన డ్రోను తిరిగింది. తేనెటీగల తుట్టె లేచిందనుకున్నయేమో పాపం.

ఇదంతా ఒక్క పూట ముచ్చట, సర్దుకుపోవాలె అంటరు కొందరు. ఒక్క పూటదైతే నేను ఇంత పొడుగు రాయకపోదును. అసలు సంగతి మట్టి కాడ ఉంది.

పశువుల బాట ఎట్ల పోతదో ఎప్పుడన్న సూటిగ చూసిండ్రా? అది నిలువుగ దిగదు. గుట్ట నడుముకు అడ్డంగ, వంకర్లు తిరుక్కుంట దిగుతది. కడుపుల దూడ ఉన్న బర్రె నిలువుగ దిగలేదు, అది దానికి తెలుసు. అట్ల అడ్డంగ పోయే బాట మీద వాన పడితే నీళ్ళకు ఉరుకు రాదు. కొంత ఇంకుతది, కొంత చెట్ల మొదట్లకు జారుతది. గుట్ట మీద మేము ఉపాధి హామీ పనిల తవ్విన కందకాలు కూడ అడ్డంగనే ఉన్నయి, అదే లెక్క. ఉరికే నీళ్ళను నడిపియ్యాలె, నడిచే నీళ్ళను నిలబెట్టాలె, నిలబడ్డ నీళ్ళను ఇంకియ్యాలె అని వాటర్‌షెడ్ పని కాలంల సార్లు మాకు నెత్తిన కొట్టి నేర్పిండ్రు.

పందెమోళ్ళకు ఈ వంకర బాట సరిపోలేదు. రెండు చోట్ల వంకర్లు కోసేసి పొదలు నరికి పై నుంచి కిందికి నిలువుగ కొత్త బాట కొట్టిండ్రు. నిలువుంటే కష్టం ఎక్కువ, కష్టం ఉంటేనే మజా అట. ఆ నిలువు బాట మూడు కందకాల కట్టలను తెంపుకుంట దిగింది. తడిసిన ఎర్రమట్టి మీద 300 మంది, రెండు చుట్లు, అంటే 600 సార్లు, కింద పండ్లున్న బూట్లేసుకొని ఉరికిండ్రు. గడ్డి వేరు లేసిపోయింది. సెప్టెంబరుల పెద్ద వాన కొట్టిన రోజు ఆ నిలువు బాటనే ఒర్రె అయింది. తెగిన కందకాల నీళ్ళన్ని అందులకే వచ్చినయి. గుట్ట కింద మా చేన్ల 10 గుంటల కంది మీద మొరం గప్పింది. పక్కన మా పాలోళ్ళది ఇంకో 6 గుంటలు. పూతకు రావాల్సిన కంది అది. మొరం ఎత్తిపోసుడుకు ట్రాక్టరు కిరాయి నేనే పెట్టుకున్న. మొరం ఎత్తేయొచ్చు, దాంతోని పోయిన పైమట్టిని ఎవరు తెచ్చిస్తరు?

"మేకలు చేసే నాశనం కంటె పరుగోళ్ళు చేసేది ఎంత" అని పట్నంల ఉండే మా చుట్టాల పిల్లగాడు వాదం పెట్టిండు. మంచి ప్రశ్ననే. మేక చిగురు కొరుకుతది, నేను కాదన. కాని మేకల మంద రోజొక దిక్కు పోతది, ఒకే గీత మీద 600 సార్లు పోదు. పొద్దుగాల వాన పడితే కాపరి ఆ దిక్కు తోలడు, జారుతదని. పందెం అట్ల ఆగదు. తేదీ ఆరు నెల్ల ముందు ఖాయమై ఉంటది, ఫీజులు కట్టి ఉంటరు, టీషర్టుల మీద తేదీ అచ్చయి ఉంటది. వాన పడ్డా ఉరకాల్సిందే. ఉరికెటోళ్ళ కాళ్ళ తప్పు కాదు ఇది, ఆ లెక్క పెట్టినోళ్ళ తప్పు.

ఇగ చట్టం ముచ్చట. ఇది రిజర్వు ఫారెస్టు. అనుమతి లేకుండ పశువులను తోలినా నేరమే, కట్టె కొట్టినా నేరమే. మా తండా ముసలామె ఒకామె ఎండుకట్టెల మోపు నెత్తిన పెట్టుకొని దిగుతుంటే ఆమె చేతిల గొడ్డలి పోయింది. ఎవరు గుంజుకున్నరో పేర్లు రాయదలుచుకోలేదు. అదే గుట్ట మీద పొదలు నరికి కొత్త బాట కొడితే అది ఈవెంటు అయింది. చెట్లకు బాణం గుర్తుల బోర్డులు మొలలతోని కొట్టిండ్రు, ఇప్పటికి నాలుగు అట్లనే ఉన్నయి, నేను లెక్కపెట్టిన.

2006ల అటవీ హక్కుల చట్టం వచ్చింది. మేత మీద, నీళ్ళ మీద, తునికాకు, తేనె, ఇప్పపువ్వు, వెదురు అసొంటి వాటి మీద ఊరికి ఊరుగ హక్కు ఉంటదని అందుల రాసి ఉంది. గిరిజనులు కాని మా అసొంటోళ్ళు ఆ హక్కు అడగాలంటే మూడు తరాల నుంచి, అంటే 75 ఏండ్ల నుంచి, ఈ అడవి మీద ఆధారపడి బతుకుతున్నమని రుజువు చూపాలె. మా తాత బర్లు కాసిండని రుజువు ఏడికెళ్ళి తెస్తం? బర్రెకు పట్టా పాసుబుక్కు ఉంటదా? 75 ఏండ్ల రుజువు మమ్ములను అడుగుతరు, మూడు గంటలు ఉరికి పోయెటోళ్ళను మాత్రం గ్రామసభకు ఒక్క కాగితం పెట్టమని అడగరు. ఇది నాకు మింగుడు పడని ముచ్చట.

జవాబుగ వాళ్ళు చెప్పేది ఒకటుంది. "మీ ఊరికి పైసలొస్తయి, పేరొస్తది" అని. ఏం వచ్చినయో నేను చూసిన. ఇడ్లీలు పట్నం నుంచి వ్యానుల వచ్చినయి. నీళ్ళ డబ్బాలు లారీల వచ్చినయి. కుర్చీలు, గుడారాలు, మైకు, అన్ని వచ్చినయి. మా ఊరి హోటలామె ముందురోజు రాత్రి 10 కిలోల పిండి రుబ్బి పెట్టుకుంటే ముగ్గురు డ్రైవర్లు చాయ్ తాగి పోయిండ్రు. పేరు సంగతికొస్తే, మెడల్ మీద గుట్ట బొమ్మ ఉంది, ఊరి పేరు లేదు.

ఉరుకుడు అంటే మాకు పడదని ఎవరన్న అనుకుంటే తప్పు. మా ఊరి పిల్లలు ఉరికినంత ఎవరు ఉరుకుతరు? పోలీసు కానిస్టేబుల్ పరీక్షకు మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లల ఉరకాలె, ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లల. ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ ఉద్యోగానికైతే మగోళ్ళు 4 గంటల్ల 25 కిలోమీటర్లు నడవాలె, ఆడోళ్ళు 16. అందుకోసం తెల్లారగట్ల ఐదింటికి చీకట్లనే గుట్ట బాట పట్టే పిల్లలు మా తండాల ఎనిమిది మంది ఉన్నరు. వాళ్ళల్ల ఒక పిల్ల ఆ రోజు పందెమోళ్ళతోని కలిసి ఉరికింది. రెండో గుట్ట దాకా ముందున్నోళ్ళ ఎంబడే ఉందట. రొమ్ము మీద నంబరు కాగితం లేదని ఆపి పక్కకు నిలబెట్టిండ్రు. 2,200 కట్టనోళ్ళు ఉరకొద్దు, అది వాళ్ళ రూలు. మరి రోజు ఉరికే బాట మీద ఆ పిల్లను ఆపే రూలు ఎవరు పెట్టిండ్రు?

వారం నడిమిట్ల గుట్ట పందేలు పెట్టుడు కొత్తదేం కాదు. ఇంగ్లాండు ఉత్తరం దిక్కు కొండల్ల ఎండాకాలమంతా మంగళవారం, బుధవారం, గురువారం సాయంత్రాలు ఇసొంటి పందేలు అవుతనే ఉంటయట. మా అల్లుడు యూట్యూబ్‌ల చూపించిండు, నేను ఆసక్తితోని చూసిన. వాళ్ళకు జూన్ నెలల రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు ఉంటది, అందుకే పని చేసుకొని వచ్చినంక సాయంత్రం ఉరుకుతరు. పని పొద్దును వాళ్ళు ముట్టుకోరు. ఆ వారం నడిమి పందెం పని చేసెటోళ్ళ కోసం పుట్టింది, మా దగ్గరికి వచ్చేసరికి పని చేసెటోళ్ళను పక్కకు జరిపి పెట్టేదైంది.

ఆ పందేలల్ల అందరు మొక్కే మనిషి జాస్ నేలర్ అనే ఆయన. ఎవరనుకుంటున్నరు? గొర్రెల రైతు. 1975ల 24 గంటల లోపల 72 శిఖరాలు ఎక్కి దిగిండు. 60 ఏండ్ల వయసుల 60 శిఖరాలు, 70 ఏండ్ల వయసుల 70. 2024ల చనిపోయిండు. ఆయన ఆ కొండల మీదనే గొర్రెలను మేపిండు, ఆ కొండల మీదనే ఉరికిండు. ఆయన్ని "ట్రాక్ మీదికి రావద్దు అంకుల్" అని ఎవరన్న ఆపుతరా? 2001ల ఆ దేశంల పశువులకు గాలికుంటు రోగం వచ్చినప్పుడు కొండ బాటలు నెలలకు నెలలు మూసేసిండ్రు, పందేలు బందు పెట్టిండ్రు. పరుగోళ్ళ బూట్లకు అంటిన మట్టి ఒక మంద నుంచి ఇంకో మందకు రోగం మోస్తదని. మా బర్లకు గాలికుంటు రాదా? పోయిన ఆగస్టుల ఎక్కడెక్కడి బూట్లు మా మేత మీద తిరిగినయో, టీకాలు వేయించినమా లేదా అని ఒక్కరన్న అడిగిండ్రా?

ఇంకో దేశం ముచ్చట కూడ చెప్పాలె, ఇది పందెం పెట్టెటోళ్ళు తప్పకుండ చదవాలె. చైనాల గన్సు అనే రాష్ట్రంల 2021 మే 22 నాడు 100 కిలోమీటర్ల కొండ పందెం పెట్టిండ్రు. 172 మంది ఉరికిండ్రు. నడుమ వడగండ్లు, చలి గాలి కొట్టినయి. చాలామంది పల్చటి బట్టల మీద ఉన్నరు. 21 మంది చనిపోయిండ్రు. ఆ రోజు కొండ మీద ఒక గొర్రెల కాపరి ఉన్నడు, పేరు ఝు కెమింగ్. వాన రాంగనే తనకు తెలిసిన గుహల దాసుకున్నడు. బయట ఒక పరుగాయన కదలకుండ నిలబడితే చూసి లోపలికి తీసుకపోయిండు, మంట పెట్టిండు, కాళ్ళు చేతులు రుద్దిండు. అట్ల ఆరుగురి పానాలు కాపాడిండు, ముగ్గురు మగోళ్ళు, ముగ్గురు ఆడోళ్ళు. ఆ కొండ "ఖాళీ"గ ఉంటే ఆ ఆరుగురి గతి ఏంది?

మా గుట్ట మీద అంత చలి రాదు. కాని ఆగస్టుల పిడుగు పడుతది, ఒర్రె నిమిషంల పొంగుతది, రక్తపింజర బాట మీద పండుకుంటది. 108 బండి ఘాట్ రోడ్డు దాకా వస్తది, అక్కడి నుంచి లోపలికి రెండు కిలోమీటర్లు మంచం మీద మోసుకురావాలె. మోసేది ఎవరు? ఆ రోజు ఒకాయన కాలు మడతపడి ఒర్రెల కూసుంటే మోసుకొచ్చింది మా బాబాయే, ఇంకో మేకలాయన. ఈల ఊది పక్కకు పంపిన ఇద్దరే. మోసి తెచ్చినంక వాళ్ళకు రెండు అరటిపండ్లు, ఒక తీపి లేహ్యం పొట్లం ఇచ్చిండ్రట. జెల్ అంటరట దాన్ని. ఆ పొట్లాల కవర్లు ఇంకా గుట్ట మీద దొరుకుతున్నయి. తియ్యటి వాసనకు మేకలు నాకుతయి, మింగుతయి. కడుపుల ప్లాస్టిక్ ఉన్న మేక ఎట్ల బక్కగైతదో మేకలున్నోళ్ళకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు శివరాత్రి తర్వాత పెడుతమంటున్నరు. ఆగస్టు కంటె ఇది ఇంకా చెడ్డ కాలం. అప్పటికి టేకు, మద్ది ఆకు మొత్తం రాలి మోకాలు లోతు పడుతది. ఫిబ్రవరి నుంచి మే దాకా మాకు రాత్రి నిద్ర ఉండదు, ఏ దిక్కు పొగ లేస్తదో అని. ఉరికెటోళ్ళు బీడీ తాగరు, నాకు తెలుసు. వాళ్ళ ఎనుక వచ్చే డ్రైవర్లు, ఫొటోలోళ్ళు, గుడారాలు కట్టెటోళ్ళు, వాళ్ళందరి చేతులు ఎవరు పట్టుకుంటరు? కుంటల్ల నీళ్ళు కూడ ఒక్క చోటనే మిగులుతయి. పోయినసారి నీళ్ళ గుడారం ఆ కుంట గట్టు మీదనే వేసిండ్రు. ఎండాకాలంల పొద్దుగాల ఆ కుంటకు నెమళ్ళు, కుందేళ్ళు, అడవిపందులు వస్తయి. మైకు పెట్టి పాటలు వేస్తే అవి ఎటు పోవాలె? మా శెనగ చేన్లకే వస్తయి. పదో తరగతి పరీక్షలు కూడ మార్చి నెలలనే. బుధవారం పరీక్ష పడితే, బాట బందు ఉంటే, తండా పిల్లలు సెంటరుకు ఎట్ల పోవాలె? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి చాలు.

మా ఊరోళ్ళను కూడ రెండు మాటలు అనాలె. గుడికి 10,000 చందా రాసిండ్రని పెద్దమనుషులు చప్పుడు చేస్తలేరు. దేవునికి ఇచ్చింది దేవునికే, ఆ పైసలతోని బాట కిరాయి అయిపోయిందని ఎవరు చెప్పిండ్రు? తండా పాలకు, నా కందికి, బాబాయి మీద ఊదిన ఈలకు గుడి చందాకు లెక్క కలవదు. ఇంకోదిక్కు మా యువజన సంఘం పిల్లలున్నరు, పందెమే వద్దు, గుట్టకు ఎవ్వరు రావొద్దు, బాటల కంపలు కొడుతం అంటున్నరు. కంప కొడితే మొదలు కుచ్చుకునేది మన బర్ల కాళ్ళకే. రేపు మీకు పందెం వద్దు, మేకలు కూడ వద్దు అని గుట్టకు కంచె వేస్తే అప్పుడేం చేస్తరు? అడవిల మనిషి కాలు పడొద్దు అనే మాట పట్నమోళ్ళ నోట్ల ఎంత చెడ్డదో మన నోట్ల కూడ అంతే చెడ్డది.

నేను అడిగేది పెద్దదేం కాదు. పందెం పెట్టుకోండి. పెట్టేముందు గ్రామసభల కూసొని ఏ బాట, ఏ పొద్దు, ఎన్ని గంటలు అని మాట్లాడండి. మాకు ఆదివారం లేదు, అమాస ఉంది. అమాస నాడు మా దిక్కు నాగలి కట్టరు, గుంటుక తోలరు, చాలామంది కైకిలికి కూడ పోరు. అమాస చూసుకొని పెట్టుకుంటే సగం లొల్లి ఉండదు. వానాకాలం కాదు, ఎండాకాలం కాదు, కార్తీకం పోయినంక డిసెంబరు జనవరిల పెట్టండి, గట్టినేల ఉంటది, ఆకు రాలి ఉండదు, పొద్దుగాల సల్లగ ఉంటది, మీకే మంచిది. నిలువు బాట కొట్టకండి, బర్రె బాటల్నే ఉరకండి, బర్రె దిగే వంకర మీరు దిగలేరా? తెగిన మూడు కందకాలు మీ పైసలతోని మా కూలోళ్ళతోని కట్టియ్యండి, అది ముందు. పాల క్యాన్లు, బడి పిల్లలు, పశువులు వస్తే పరుగోడే పక్కకు జరగాలె, మేము కాదు. తండా పిల్లలకు ఫీజు లేకుండ నంబరు ఇవ్వండి. గెలుస్తరని భయమైతే వేరే సంగతి.

డ్రోను మాత్రం వద్దు. దీని మీద బేరం లేదు.

వచ్చే గ్రామసభ సోమవారం పొద్దుగాల పది గంటలకు, పంచాయతీ ఆఫీసు కాడ. అర్జీ కాగితం నేను రాసి పెట్టిన, మా దుకాణం పక్క కిరాణం కాడ ఉంది, చదివి సంతకం పెట్టండి, పెట్టలేనోళ్ళు ఏలిముద్ర వేయండి. పోయినసారి తండాకు కబురు అందలేదు, కాబట్టి ఎవరన్న ఇద్దరు పిల్లలు ఆదివారం సాయంత్రం పైకి పోయి చెప్పి రావాలె. బాబాయి వస్తనన్నడు, బర్లు కాసెటందుకు ఆ పూట ఒక మనిషి కావాలె, ఎవరన్న ఉంటే నాకు ఫోను చేయండి. చెట్లకు కొట్టిన నాలుగు బోర్డుల మొలలు పీకెటందుకు పట్టుకారు నా దగ్గర ఉంది, ఆదివారం పోతున్న.